వెనక కాళ్ల మీద సుల్తాన్

ప్రొద్దుటూరు, ఆదివారం రాత్రి

ఖాసిం మామ పెళ్లి ఊరేగింపుల గుర్రం సుల్తాన్‌ను సాయంత్రం చూసి వచ్చాను. నడిపిస్తే మొదటి పది అడుగులు వెనక కాళ్లు ఈడ్చింది. తొడ మీద చెయ్యి వేస్తే కండ గట్టిగా బిగుసుకుపోయి ఉంది. విశ్రాంతి ఇవ్వమని పశువుల డాక్టరు చెబితే, మామ రెండు రోజులు గుంజకు కట్టేశాడట.

"కట్టేస్తే ఇంకా బిగుసుకుంటాది మామా. మెత్తటి నేల మీద నిదానంగా నడిపించమన్నాడు కదా డాక్టరు."

"నడిపిస్తాలేప్పా. బుధవారం జమ్మలమడుగు పెళ్లికి ఏం చేసేది? సిమెంటు రోడ్డు మీద రెండు కాళ్లపై నిలబెట్టాలంట. నువ్వు పేపర్లో రాసిందే చూపించి అడుగుతాండారు."

మళ్లీ అలా నిలబెడితే కుంటితనం మిగిలిపోతుందని డాక్టరు అన్నాడు. మామకు ఆ గుర్రం తప్ప వేరే ఆధారం లేదు.

మొన్నటి పెళ్లి ఊరేగింపు గురించి పేపర్లో 'బ్యాండు ఆగేదాకా వెనక కాళ్ల మీదే నిలబడింది' అని రాశాను. అందులో అబద్ధం లేదు. ముందు కాళ్లు దించాక ఎలా నడిచిందో మాత్రం చూడలేదు.

"అట్లా నిలబెట్టేది కాదని నువ్వే చెప్పప్పా, నీ మాటైతే నమ్ముతారు" అంటూ మామ పెళ్లివాళ్ల నంబరిచ్చాడు.

పొద్దున్నే ఫోన్ చేయాలి. బ్యాండు ఆగగానే నేను భోజనానికి వెళ్లిపోయానని ముందు చెప్పాలి.