మగ్గం కింది గోనె సంచి

మంగళవారం, రామన్నపేట

తప్పు నాదే.

ఆస్బెస్టాస్ రేకుల ఫ్యాక్టరీ దుమ్ము వల్ల దాని పక్క ఊళ్లో ఊపిరితిత్తుల జబ్బులు పెరిగాయా అని తేల్చాలంటే, ఆ దుమ్ము తగలని ఊరొకటి పోలికకు కావాలి. ఫ్యాక్టరీకి దూరమని ఈ నేతకారుల ఊరిని ఎంచింది నేనే. రెండు చోట్లా జబ్బులు ఒక్కలాగే తేలాయి. తేడా లేదని రిపోర్టు రాశాం.

సర్వే అయిపోయిందని చెప్పడానికి ఇవాళ, మేం వివరాలు తీసుకున్న నేతకారుల్లో ఒకరైన అనసూయవ్వ ఇంటికి వెళ్లాను. ఇన్నాళ్లూ గడప బయటే నిలబడి ప్రశ్నలడిగినదాన్ని, మొదటిసారి లోపలికి పోయాను. అవ్వ మగ్గం గుంట అంచున మడతపెట్టిన పాత గోనె సంచుల మీద కూర్చుని నేస్తోంది.

"గీ సంచులు యాడివవ్వా?"

"రేకుల ఫ్యాక్టరీవే బిడ్డా. వీటిల్ల రేకులు చేసే రాతినార, గదే ఆస్బెస్టాస్, వస్తుండె. అప్పట్ల బండి మీద తెచ్చి అమ్మిండ్రు. మెత్తగుంటయని మగ్గమున్న ప్రతి ఇంట్ల కొన్నరు." దగ్గు ఆగాక మళ్లీ అంది. "మా ముసలాయన గూడ వీటి మీదనే నేసిండు, దమ్ముతోని పోయేదాక."

సర్వేలో ఫ్యాక్టరీలో పని చేశారా, ఇంటిపైన రేకులున్నాయా అని అడిగాను. దేనిమీద కూర్చుంటారని అడగలేదు. ఆమె ఫారంలో 'దుమ్ము తగలలేదు' అన్నది నా చేతిరాతే.

బయటికొచ్చి, సర్వే నడిపిన మా సార్‌కు ఫోన్ చేసి సంచుల సంగతి చెప్పాను. "రిపోర్టు పైకి పోయిందమ్మా. ఫ్యాక్టరీతోని ప్రమాదమేం లేదని పై ఆఫీసోళ్లు రాసుకున్నరు. ఇగ వదిలెయ్" అన్నారు.

మళ్లీ సర్వే ఎవరు చేయిస్తారు... చేయించినా అప్పటికి ఈ ఊళ్లో ఎవరు మిగులుతారు...

తిరిగి లోపలికి వెళ్తే, నేను నిలబడ్డానని అనసూయవ్వ ఒక సంచి దులిపి నాకూ పరిచింది. చిన్నబుచ్చుకుంటుందని కూర్చున్నాను. ఆ సంచుల గురించి ఆమెకేమీ చెప్పకుండానే వచ్చేశాను.