ఆ వీరుడు నేనేనన్న నర్సయ్యకు

మంగళవారం రాత్రి

నా సాహస నవలల్లో పదిమందిని ఒంటిచేత్తో మట్టికరిపించే వీరుడు నేనేనని విమర్శకుడు నర్సయ్య ముప్పయ్యేళ్లు వెక్కిరించాడు. వాడు ఇవాళ చూడాల్సింది.

ముంబై కామాటిపురాలో మేముండే పాత గదుల చాల్ కూల్చబోయే బిల్డర్ మనిషి, మా పాలమూరువాడే, నేను గది ఖాళీ చేస్తానని రాసి ఉన్న కాగితం తెచ్చాడు. వెనక ఇద్దరు దిట్టమైన మనుషులు. సంతకం పెట్టనని చెప్పాలనే లేచాను.

“మనోళ్లకు సంతకం యాడొస్తది కాకా! అంగూఠా పెట్టు, జల్దీ,” అన్నాడు.

నలభై పుస్తకాలు రాసినవాణ్ని. ఆ మాట కూడా అనలేక బొటనవేలు చాపాను.

నర్సయ్యా, ఆ వీరుడు నేను కాదురా. నేను భయపడి తలొంచిన ప్రతిసారీ ఇంటికొచ్చి, కథలో నా చోట వాణ్ని నిలబెట్టాను. ఇవాళ కూడా రాద్దామనే కూర్చున్నాను. నెలాఖరుకు ఈ గది ఉండదు. వాణ్ని ఏ గుమ్మంలో నిలబెట్టను...