నేను ఏడవని ఏడుపు

హైదరాబాద్

ప్రియమైన అక్కకు,

నీ చెల్లెలు సలోమి వందనాలు. పుంగనూరులో నువ్వూ బావా పాపా దేవుని దయవల్ల బాగున్నారని తలుస్తాను. బావ మోకాలి నొప్పి తగ్గిందా? మదనపల్లెలో అమ్మ బీపీ మాత్రలు మానకుండా వేసుకుంటోందా? నేను బాగానే ఉన్నాను. హాస్టల్ కూరలు చప్పగా ఉంటాయి. ఇటు ఎవరైనా వస్తుంటే కాస్త చెనక్కాయల పొడి పంపు. ఎండలు ఎక్కువే గానీ నాకేం ఇబ్బంది లేదు, నిజంగా బాగానే ఉన్నాను.

ఒక్క సంగతి మాత్రం నీకు చెప్పాలి. నాకు భయంగా ఉంది అక్కా.

ఈమధ్య డబ్బింగుకు పిలుపులు తగ్గిపోయాయి. చిన్న సినిమాలకు హాళ్లు దొరకడం లేదు, దొరికినా వారం నిలబడటం లేదు. అందుకని ఖర్చు తగ్గించుకోవడానికి నిర్మాతలు కంప్యూటరుతోనే గొంతులు చేయించుకుంటున్నారు. పోయిన వారం ఒక స్టూడియో వాళ్లు పిలిస్తే సంతోషంగా వెళ్లాను. అక్కడి సౌండ్ ఇంజనీరు మునిరత్నం అన్న మనవైపువాడే, కుప్పం దగ్గర శాంతిపురం. నన్ను కూర్చోబెట్టి ఒక సీను వేశాడు. బిడ్డ శవం మీద పడి తల్లి ఏడుస్తోంది. ఆ గొంతు నాది.

"అన్నా, ఇది నేనెప్పుడు సెప్పినా?" అన్నాను.

"నువ్వు సెప్పలేదు సెల్లెమ్మా. నీ పాత సినిమాల్లోంచి కంప్యూటరు నేర్సుకునింది." ఆయన నా మొహం చూడలేదు. "ఊపిరి తీసుకునే సోట మాత్రం సరిగ్గా రాలా. ఆ ఊపిర్లు ఇచ్చి పో, సాలు."

ఆ ఏడుపు ఎక్కడిదో నాకు తెలుసు. నాన్న పోయారని మిషన్ ఆసుపత్రి వరండాలో నర్సమ్మ చెప్పినప్పుడు మనం ఏడ్చిన ఏడుపు. ఒక సినిమాలో అది తలచుకునే ఏడ్చాను. మునిరత్నం అన్న ఇంకో బటన్ నొక్కితే అదే గొంతు నాకు రాని హిందీలో ఏడ్చింది.

"ఊపిరి ఇయ్యను," అన్నాను. "నా గొంతు తీసెయ్యండి. లేదంటే సీనంతా నాతోనే సెప్పించండి."

నిర్మాతను పిలిపించారు. చెడ్డవాడు కాదు, ఏళ్ల తరబడి ఆ ఒక్క సినిమానే మోస్తున్న పెద్దాయన. సరేనన్నాడు. మైకు ముందు నిలబడి సీనంతా ఏడ్చాను. బయటికి వచ్చేసరికి మునిరత్నం అన్న కళ్లు తుడుచుకుంటున్నాడు. నిర్మాత కంప్యూటరు ఏడుపూ నా ఏడుపూ ఒకదాని వెంట ఒకటి వేయించుకుని విన్నాడు.

"రెండూ ఒకేలా ఉన్నాయి కదమ్మా! ఎందుకు అంత కష్టపడ్డావు?" అన్నాడు, జాలిగానే.

ఈసారికి నేను చెప్పిందే ఉంచాడు. కంప్యూటరు గొంతును మునిరత్నం అన్న నా ఎదురుగానే తీసేశాడు. "ఈడున్నది తీసేసినా. ఇంకా యాడ యాడ ఉండాదో నాకు తెలీదు సెల్లెమ్మా," అన్నాడు.

అప్పటినుంచి గట్టిగా మాట్లాడాలంటేనే భయం. ఆదివారం చర్చిలో పాడుతుంటే ముందు వరుసలో ఎవరో ఫోను ఎత్తి రికార్డు చేస్తున్నారు. పాట మధ్యలోనే నోరు మూసుకున్నాను.

అక్కా, నా గొంతుతో ఎవరు ఫోన్ చేసి ఏడ్చినా, ఆపదలో ఉన్నానన్నా తొందరపడి నమ్మొద్దు. పెట్టేసి నువ్వే నాకు చెయ్యి. అమ్మకు భయం పుట్టకుండా ఈ మాట నువ్వే చెప్పు. నిన్న నీకు ఫోన్ చేసి చెబుదామని "అక్కా" అన్నాను. ఆ పిలుపు నా చెవికే ఎవరిదోలా వినబడింది. వెంటనే పెట్టేశాను. అందుకే రాస్తున్నాను.

బావకూ అత్తమ్మకూ నా వందనాలు, పాపకు ముద్దులు. మీ ప్రార్థనల్లో నా పేరు మరవకండి.

నీ చెల్లెలు,
సలోమి