తిన్నవా అంటే ఫిర్యాదు నంబరు ఒకటి

హైదరాబాద్, గురువారం

సెంటినరీ కాలనీలో ఉన్న సదానందం కాకకు సంధ్యారాణి నమస్కారాలు.

కాకా, అయిపోయింది! మన కాలనీ సంఘం కోసం మూడు నెలలుగా కడుతున్న వెబ్ అప్లికేషన్ ఇవాళ మెయిళ్లు అందుకోవడం మొదలుపెట్టింది! నల్లా రాకపోయినా, వీధిలైటు వెలగకపోయినా ఒక మెయిల్ రాస్తే చాలు. దానంతటదే నంబరు వేసి, జవాబిచ్చి, సంఘం అధ్యక్షుడు రాజం ఫోనుకు పంపుతుంది. ఆదివారం సంఘం ఒప్పుకోవాలి, లేదంటే నా శ్రమంతా గంగలో కలిసినట్టే. మొదటి మెయిల్ నువ్వే రాయాలి.

నీ బిడ్డ,
సంధ్య

తా.క.: ఏం రాసినా సరే, ఉత్త పరీక్షే.

*

సెంటినరీ కాలనీ, గురువారం సాయంత్రం

బిడ్డ సంధ్యకు కాక దీవెనలు.

‘బాగున్నవా, తిన్నవా’ అని రాసిన. ‘మీ ఫిర్యాదు అందింది, నంబరు 1’ అని జవాబొచ్చింది. ముప్పై ఏండ్ల సంది బొగ్గుబాయిల పనిచేస్తున్న, ఒక్కలమీద చాడీ చెప్పినోన్ని కాదు! ఆడ కూసున్నాయన ఎవరు? జర సముదాయించు.

సదానందం

తా.క.: ‘కోపం చెయ్యకు తమ్మీ’ అని ఆయనకు రాసిన. నంబరు 2 అయింది.

*

హైదరాబాద్, గురువారం రాత్రి

కాకా,

అక్కడ మనిషి లేడు! అది యంత్రం. నువ్వు రాసినప్పుడల్లా జవాబిస్తుంది. ఇంక రాయకు.

సంధ్య

*

సెంటినరీ కాలనీ, శుక్రవారం పొద్దున

బిడ్డా,

సమజైంది. ఫస్టు షిఫ్టుకు పోతున్న. బాయిలకు ఫోను తీస్కపోనియ్యరు. అందుకే ఎవరు మెయిల్ పంపినా ‘బాయిల ఉన్న, పైకొచ్చినంక మాట్లాడుత’ అని దానంతటదే పోయేటట్టు పెట్టిన. మనది గూడ యంత్రమే ఇగ!

సదానందం

తా.క.: పోతున్నా అని మీ యంత్రానికి గూడ ఒక ముక్క రాసిన. మర్యాద ఉండాలె గద.

*

హైదరాబాద్, శుక్రవారం మధ్యాహ్నం

కాకా, పైకి రాగానే చదువు!

పొద్దుటి నుంచి రెండు యంత్రాలూ ఒకదానికొకటి జవాబులిచ్చుకుంటున్నాయి. నాలుగువందల పదిహేడు ఫిర్యాదులు! అన్నీ నీ పేరు మీదే, అన్నిట్లో ‘బాయిల ఉన్న’ అనే! యంత్రం పంపిన మెయిలుకు జవాబివ్వొద్దని ప్రోగ్రాములో ఒక్క వరుస రాయడం మరిచిపోయాను. ఇప్పుడే సరిచేశాను.

సంధ్య

తా.క.: రాజం ఫోన్ చేశాడు. ‘సదానందమన్న బాయిల చిక్కుకున్నడు, మొత్తుకుంటున్నడు!’ అని, నేను నోరు తెరిచేలోపే పెట్టేశాడు.

*

సెంటినరీ కాలనీ, శుక్రవారం సాయంత్రం

బిడ్డ సంధ్యకు,

షిఫ్టు దిగి పైకొస్తే బాయి గేటుకాడ కాలనీకి కాలనీయే ఉన్నది! వారం సంది నాతోని మాట్లాడని మీ చిన్నమ్మ మల్లక్క అందరి ముంగట అలుముకొని ఏడ్సింది. గేటుకాడ పెట్టిన ఫోను తీస్కొని నీ ఉత్తరం సదివి వినిపించిన. రాజం పడీ పడీ నవ్విండు. ‘మెయిలొస్తే ఊరంత ఉరికొచ్చింది, ఇంకేం పరీక్ష! ఆదివారం దాక ఎందుకు, ఇప్పుడే ఒప్పుకున్నం’ అన్నడు. గేటుకాడ్నే సప్పట్లు!

నీ కాక,
సదానందం

తా.క.: మీ చిన్నమ్మ గూడ మెయిల్ రాసుడు నేర్చింది. ‘మా ఇంటాయన గురకకు వాడంత నిద్ర లేదు’ అని రాసింది. ‘రేపు పొద్దుగాల మరమ్మతుకు మనిషిని పంపుతున్నం’ అని రాజం జవాబిచ్చిండు. బిడ్డా, ఆ మనిషిని జల్ది ఆపు!