బరువు గుమ్మటం

2009 ఫిబ్రవరి 8, ఆదివారం. నోవైలో ఎండ కాసింది. డ్రైవ్‌వే మీద మంచు ఎత్తిపోశాను.

సరళా, నువ్వు పోయిన రోజు నుంచి పక్కన పెట్టిన బెల్‌ఫాస్ట్ సిటీ హాల్ అట్టబొమ్మకు ఇవాళ పచ్చ గుమ్మటం ఎక్కించాను. ఈ కట్టడాల తీరును బరోక్ అంటారని అప్పట్లో లైబ్రరీ పుస్తకం చదివి చెబితే, “బరువా? చూస్తేనే తెలుస్తోందిగా! లోపల అడ్డగోడ పెట్టండి మేస్త్రిగారూ, లేకపోతే కూలుతుంది” అని నవ్వావు. నేను వినలేదు. రెండుసార్లు కూలింది.

ఈసారి నీ మందుల డబ్బాల అట్టతో అడ్డగోడ పెట్టాను. గుమ్మటం నిలిచింది. ఆ సంతోషంలో “ఏమేవ్, చూడు!” అని కేకేశాను.

“నన్నేనా, డాడీ?” అంటూ అమ్మాయి మేడ దిగి వచ్చింది.

అవునన్నాను. తర్వాత జిగురు సీసాకు మూత పెట్టి, కత్తెర సొరుగులో వేశాను.