పోస్టాఫీసు వడ్డీ కన్నా మేలు

అమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ సమాధి దగ్గరికి వెళ్లకుండా పొద్దున్నే రామసముద్రం వెళ్లాను. ఎందుకని నువ్వు అడగలేవు కనుక నేనే చెబుతాను.

మదనపల్లె ఆసుపత్రిలో ఆయా పని చేసి నువ్వు పోస్టాఫీసులో దాచిన డబ్బు నాకు మిగిలింది. మద్రాసులో బి.ఏ. చదివినదాన్ని, ఆ వడ్డీ నా కంటికి ఆనలేదు. పుంగనూరు సంతలో పెయ్యదూడను కొని, రామసముద్రంలో ఉండే నీ స్నేహితురాలు దేవమ్మక్కకు అప్పగించాను. మేపేది ఆమె, అమ్మితే వచ్చేది చెరిసగం.

ఈ ఏడు వానల్లేవు. ఊళ్లో పశువులన్నీ ఎముకల గూళ్లయినా మన పెయ్య నిండుగానే ఉంది. నేను వెంటబెట్టుకెళ్లిన బేరగాడు దాని వీపు నిమిరి ధర చెప్పాడు. పోస్టాఫీసు కన్నా ఎంత ఎక్కువో మనసులో లెక్క వేసుకుంటూ దేవమ్మక్క ఇంట్లోకి తొంగిచూశాను. లోపల ఎండ పడుతోంది. సగం ఇంటికి కప్పు లేదు.

"మేపను కసువు యాడుండాది పాపా? కప్పు మీది బోదగడ్డి పీకి ఏసినా. మీయమ్మ సొమ్ము గదా, సచ్చిపోతే నీకు మొగమెట్ల సూపిచ్చేది?" అంది.

తలెత్తి ఆ ఉత్త వాసాల కేసి చూశాను. నాకు ధర నచ్చలేదేమో అనుకుని, దేవమ్మక్క నన్ను పక్కకు లాగి గుసగుసగా చెప్పింది:

"వీడు తక్కువ సెప్తాండాడు, ఇయ్యొద్దు. ఇంగో నెల మేపుతా. ఆ పక్క కప్పు ఇంకా ఉండాదిలే."

పెయ్యను నువ్వే ఉంచుకో అక్కా, అనాల్సింది. అనలేదు. ఆ ధరకు ఇవ్వనని బేరగాణ్ణి పంపేశాను.

"సదువుకున్నదానివి, మీయమ్మ మాదిరి మెతక కాదులే నువ్వు" అని మెచ్చుకుంది, అమ్మా.