ముప్పై మీటర్ల వరండా

చిరంజీవి సైకాల్‌కు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. అందరం అంటే ఇప్పుడు నేనొక్కణ్ణే. క్షేమమే. నువ్వూ, అల్లుడూ, చంటిదీ బాగున్నారని తలుస్తాను.

నువ్వు అడిగినవి చెబుతాను. పొయ్యి పొగ మానింది. గొట్టం శుభ్రం చేయించాను. అమ్మ ఉన్ని కోటు ఎవరికీ ఇవ్వలేదు. ఇవ్వమని మళ్ళీ అనకు. ఎండు పెరుగు ఉండలు ఈ ఉత్తరంతోపాటు టాక్సీ డ్రైవర్ చేత పంపుతున్నాను. నేను చేసినవే, ఉప్పు ఎక్కువైంది. అమ్మ చేసినవి డబ్బా అడుగున కొన్ని మిగిలాయి. తినడం లేదు.

గుండె పరీక్ష మంగళవారం అయింది. ఇక్కడ ఎకో యంత్రం లేదు కదా. ఈసీజీ తీసి, ఆరు నిమిషాలు నడిపించారు. ముప్పై మీటర్ల వరండా, రెండు చివరలా రెండు కుర్చీలు. వాటిని చుట్టి వస్తూ ఉండాలి. ఎన్ని మీటర్లు నడిస్తే గుండెకు అంత ఓపిక ఉన్నట్టు. సూది లేదు, కోత లేదు.

నర్సు తోల్కున్ నా దగ్గర చదువుకున్న పిల్లే. "మాస్టారూ, మాట్లాడకుండా నడవండి. ఆయాసం వస్తే ఆగండి, మొహమాటపడకండి" అంది. బెంచీ మీదున్న గుర్రాల ఎర్కిన్ ఊరుకుంటాడా?

"పందెంలో ఎవరు ముందున్నారు మాస్టారూ?"

"నేనే."

"మరి వెనక?"

"వెనకా నేనే."

రెండు వందల డెబ్భై మీటర్లు. బిష్కెక్ వెళ్ళి ఎకో తీయించుకోమన్నాడు డాక్టరు. ఇదంతా నీకు ఫోన్‌లో చెప్పాను. చెప్పనిది ఒకటుంది. ప్రతి మలుపులోనూ ఎడమ మోచెయ్యి కాస్త ఎడంగా పెట్టాను, అమ్మ పట్టుకోవడానికి వీలుగా. పెట్టాక గుర్తొచ్చేది.

అమ్మను పోయిన వేసవిలోనే బిష్కెక్‌కు నీ దగ్గరికి ఎందుకు తీసుకురాలేదని మూడు ఉత్తరాలుగా అడుగుతున్నావు. డాక్టరు తొందర లేదన్నాడని రాస్తూ వచ్చాను. అది నిజమే, కానీ సగం.

అమ్మకూ అదే వరండా. బెంచీల నిండా జనం. "సంతలో గుర్రాన్ని నడిపించి చూపినట్టు, ఇంతమంది ముందు నేనొక్కదాన్నే నడవాలా?" అంది. నేనూ వస్తాను పద అన్నాను. అప్పటి నర్సు వద్దనబోయి, పెద్దవాణ్ణని ఊరుకుంది. రెండో మలుపుకే అమ్మ అడుగు తడబడింది. మన పందేల్లో అలిసిపోయిన గుర్రాన్ని యజమాని చుట్టాలు అటూ ఇటూ గుర్రాలతో చేరి, కేకలు పెడుతూ గీత దాకా లాక్కుపోతారు చూడు, నేను అదే చేశాను. ఆమెకు నా మోచెయ్యి పట్టించి, ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ.

"లాగకు ముసలాయనా, నేను గెలిస్తే నీకేం బహుమతి గొర్రెనివ్వరు" అని నవ్వింది. పెదాలు నీలంగా ఉన్నాయి. చూశాను. అయినా లాగాను.

మూడు వందల తొంభై మీటర్లు. డాక్టరు సంతోషించాడు. ఎకో చలికాలం లోపు తీయించవచ్చన్నాడు. గడ్డి కోతలు ముగియకముందే అమ్మ వెళ్ళిపోయింది.

ఆ మీటర్లలో ఆమెవెన్నో, నావెన్నో తెలియదు. తూకం వేసేటప్పుడు పళ్ళెం మీద వేలు పెట్టకూడదని ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు ఫిజిక్సు చెప్పినవాణ్ణి. ఆమె నెగ్గాలనుకున్నాను. అంతే. ఆ రోజు డాక్టరుకు చెప్పలేదు. తర్వాత నీకూ చెప్పలేదు.

శుక్రవారం ఇదే డ్రైవర్ కారులో బయలుదేరుతున్నాను. డోలోన్ కనుమ దారి మంచు తీసి తెరిచారు. ఇది చదివాక టాక్సీ స్టాండుకు రాబుద్ధి కాకపోతే రావద్దు. ఆసుపత్రికి దారి అడిగి వెళ్తాను.

వస్తే మాత్రం ఒక్క మాట. అక్కడ మళ్ళీ నడిపిస్తే నా పక్కకు రాకు. ఎంత ఆయాసపడినా రాకు. ఎంత నడిస్తే అంతే రాసుకోనీ. నువ్వు ఆ చివరి కుర్చీ దగ్గర నిలబడు తల్లీ. అక్కడిదాకా నేనే వస్తాను.

ఇట్లు,
మీ అమ్మను నడిపించిన
నీ నాన్న